2026 ఆగస్టులో 16 రోజుల తేడాతో రెండు గ్రహణాలు, ఆ తర్వాత ఐదు నెలలు ఒక్కటీ లేదు. ఎందుకిలా?

#1 ప్రశ్నలపుట్ట

అందరికీ నమస్కారం. గ్రహణాల పట్టిక చూస్తుంటే ఒక అనుమానం వచ్చింది. 2026లో నాలుగు గ్రహణాలు. ఫిబ్రవరి 17న వలయాకార సూర్యగ్రహణం, మార్చి 3న సంపూర్ణ చంద్రగ్రహణం. ఆగస్టు 12న సంపూర్ణ సూర్యగ్రహణం, ఆగస్టు 28న పాక్షిక చంద్రగ్రహణం. ఆ తర్వాత 2027 ఫిబ్రవరి 6 వరకు ఏమీ లేదు.

అమావాస్య, పౌర్ణమి నెలనెలా వస్తూనే ఉంటాయి కదా. మరి గ్రహణాలు ఇలా జంటలు జంటలుగా వచ్చి, మధ్యలో ఇంత ఖాళీ ఎందుకు? ఇంకోటి గమనించాను. 2025లో మార్చి, సెప్టెంబర్లలో వచ్చాయి. 2026లో ఫిబ్రవరి-మార్చి, ఆగస్టు. 2028కి వచ్చేసరికి జనవరి, జూలై. ఏటా కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతున్నాయి. దీనికి కారణం కూడా ఎవరైనా చెప్తారా?

#2 మినుకుతార

చంద్రుడి కక్ష్య భూకక్ష్యకి 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే నెలనెలా రాదు. అంతే.

#3 ప్రశ్నలపుట్ట

ఆ 5 డిగ్రీల మాట బళ్లో చదువుకున్నదే అండీ. కానీ 5 డిగ్రీలంటే ఎంత? నా కళ్లకి ఆ వాలు అసలు వాలులాగే అనిపించదు. అంత చిన్న తేడాకి గ్రహణం తప్పిపోతుందా? పైగా జంటల సంగతి దాంతో తేలలేదు.

#4 లెక్కలమాస్టారు

మంచి ప్రశ్న. తప్పు పుస్తకాల్లోని బొమ్మది. ఒక పేజీలో పట్టించాలని సూర్యుణ్ణీ భూమినీ చంద్రుణ్ణీ దగ్గర దగ్గరగా, లావుగా గీస్తారు. అలా గీస్తే 5 డిగ్రీలు ఎంత వంచినా నీడ తప్పదు. నిజమైన కొలతల్లో చూడండి.

ఆకాశంలో చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ. సూర్యబింబం కూడా దాదాపు అంతే. అంటే 5 డిగ్రీలు పది చందమామల వెడల్పు! చంద్రుడు మన నుంచి సగటున 3,84,400 కి.మీ. దూరంలో ఉంటాడు. ఆ దూరంలో 5 డిగ్రీల వాలు అంటే భూకక్ష్య తలానికి దాదాపు 34,000 కి.మీ. పైకో కిందికో వెళ్లడం. భూమి వ్యాసం 12,742 కి.మీ. మాత్రమే. కాబట్టి చాలా అమావాస్యలకి చంద్రుడి నీడ భూమికి పైనుంచో కిందనుంచో అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. పౌర్ణమికీ ఇదే కథ, చంద్రుడు భూమి నీడకి ఎగువనో దిగువనో దాటిపోతాడు.

ఇప్పుడు జంటల సంగతి. ఒక పెద్ద గాజులో చిన్న గాజు పెట్టి, చిన్నదాన్ని కాస్త వంచండి. చిన్న గాజు, పెద్ద గాజు తలాన్ని సరిగ్గా రెండు చోట్ల దాటుతుంది, ఎదురెదురుగా. చంద్రుడి కక్ష్యలో ఆ రెండు చోట్లనీ పాతబిందువులు అంటారు. చంద్రుడు ఆ బిందువు దగ్గర ఉన్నప్పుడే అమావాస్య గానీ పౌర్ణమి గానీ పడితే మూడూ ఒక వరుసలోకి వస్తాయి.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి మనకి సూర్యుడు ఏడాదిలో ఆకాశాన్ని ఒక చుట్టు చుట్టినట్టు కనిపిస్తాడు. ఆ చుట్టులో ఒకసారి ఒక పాతబిందువు దగ్గరికి, మరోసారి రెండోదాని దగ్గరికి వస్తాడు. వచ్చినప్పుడల్లా దాదాపు 34 రోజులు గ్రహణం పట్టేంత దగ్గరలో ఉంటాడు. దీన్ని గ్రహణ కాలం అనుకోండి. ఈ 34 రోజుల్లో ఒక అమావాస్య, ఒక పౌర్ణమి ఎలాగూ పడతాయి. అందుకే జంట. ఫిబ్రవరి 17, మార్చి 3 ఒక గ్రహణ కాలంలోవి. ఆగస్టు 12, 28 రెండోదానిలోవి. రెండు గ్రహణ కాలాల నడిమధ్యలకీ దూరం 173 రోజుల చిల్లర.

ఇక ఏటా ముందుకు జరగడం. పాతబిందువులు నిలకడగా ఉండవు. సూర్యుడి ఆకర్షణ వల్ల చంద్రుడి కక్ష్యే నెమ్మదిగా వెనక్కి తిరుగుతుంటుంది. ఒక పూర్తి చుట్టుకి 18.6 ఏళ్లు. సూర్యుడు ముందుకి వెళ్తుంటే బిందువు ఎదురొస్తుంది. అందుకని అదే బిందువుని మళ్లీ కలవడానికి 365 రోజులు అక్కర్లేదు, 346.6 రోజులు చాలు. ఏటా 19 రోజుల చొప్పున గ్రహణ కాలం ముందుకొస్తుంది. మీరు గమనించింది అదే.

#5 తిథివారం

మాస్టారు చెప్పిన ఆ రెండు పాతబిందువులే మన సిద్ధాంత గ్రంథాల్లో రాహుకేతువులు. చంద్రుడు దక్షిణం నుంచి ఉత్తరానికి దాటే బిందువు రాహువు, ఉత్తరం నుంచి దక్షిణానికి దాటేది కేతువు. పంచాంగంలో "రాహుగ్రస్త", "కేతుగ్రస్త" అని ఉంటే గ్రహణం ఏ బిందువు దగ్గర పడుతోందో చెప్పడమే. రాహుకేతువులు ఎప్పుడూ వక్రగతిలోనే ఉంటారని కూడా వినే ఉంటారు. ఆ వెనక్కి తిరగడమే, 18.6 ఏళ్లది.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గోళపాదంలో సూర్యుణ్ణి చంద్రుడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతాయని సూటిగా ఉంది. నీడ పొడవు ఎంతో, చంద్రుడున్న దూరంలో దాని వ్యాసం ఎంతో లెక్కించే పద్ధతి కూడా అక్కడే ఉంది. పాము మింగిందన్న కథ ఒక పక్క నడుస్తుంటే, లెక్క ఇంకో పక్క దాని దారిన అది నడిచింది.

#6 వాదప్రియుడు

మాస్టారి లెక్కే నిజమైతే సూర్యగ్రహణాలు, చంద్రగ్రహణాలు సమానంగా రావాలి కదా? కానీ అనుభవంలో చంద్రగ్రహణాలే ఎక్కువ. సంపూర్ణ చంద్రగ్రహణం చూశానని చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. సంపూర్ణ సూర్యగ్రహణం చూసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి చంద్రగ్రహణాలే తరచుగా వస్తాయి అని నా వాదన.

#7 లెక్కలమాస్టారు

తరచుగా రావడం వేరు, తరచుగా కనబడడం వేరు వాదప్రియుడు గారూ.

చంద్రగ్రహణం పట్టినప్పుడు చంద్రుడి మీదే నీడ పడుతుంది. ఆ సమయానికి చంద్రుడు ఎవరి ఆకాశంలో ఉన్నా వాళ్లందరికీ ఒకేసారి కనిపిస్తుంది, అంటే సగం భూమికి. మధ్యలో చంద్రోదయం, చంద్రాస్తమయం అయ్యే చోట్లు కలుపుకుంటే సగం పైనే. సూర్యగ్రహణంలో చంద్రుడి నీడ భూమి మీద పడుతుంది. గాఢమైన నీడ నేలని తాకే పట్టీ వెడల్పు మామూలుగా 270 కి.మీ. లోపే, ధ్రువాల వైపు ఏటవాలుగా పడితే కాస్త పెరుగుతుంది. ఆ పట్టీలో ఉన్నవాళ్లకే సంపూర్ణం. పక్కనున్నవాళ్లకి పాక్షికం. మిగతా ప్రపంచానికి అసలు ఏమీ లేదు. ఏదైనా ఒక ఊరు పట్టుకుని కూర్చుంటే అక్కడికి సంపూర్ణ సూర్యగ్రహణం సగటున 375 ఏళ్లకోసారి వస్తుంది.

ఇక రాకడ లెక్క. సూర్యగ్రహణం పట్టాలంటే సూర్యుడు పాతబిందువుకి అటూ ఇటూ 15 నుంచి 18 డిగ్రీల లోపల ఉంటే చాలు. ఆ దూరం దాటడానికి ఎంత తక్కువ వేసుకున్నా 31 రోజులు పడుతుంది. అమావాస్యకీ అమావాస్యకీ మధ్య 29.5 రోజులే. అంటే ప్రతి గ్రహణ కాలంలో కనీసం ఒక సూర్యగ్రహణం తప్పించుకోలేనిది. ఏడాదికి కనీసం రెండు ఖాయం.

చంద్రుడు భూమి గాఢమైన నీడలోకి, అంటే ప్రచ్ఛాయలోకి, కాస్తయినా వెళ్లాలంటే హద్దు ఇంకా ఇరుకు. 9 నుంచి 12 డిగ్రీలు. దాటడానికి 22 రోజులు వేసుకోండి. పౌర్ణములు 29.5 రోజులకోసారి కదా, కాబట్టి ఒక గ్రహణ కాలం మొత్తం ప్రచ్ఛాయ చంద్రగ్రహణం లేకుండానే గడిచిపోవచ్చు. 2027 చూడండి. ఫిబ్రవరి 20, జూలై 18, ఆగస్టు 17, మూడూ ఉపచ్ఛాయ గ్రహణాలే, అంటే ప్రచ్ఛాయ చుట్టూ ఉండే పలచటి నీడలోంచి వెళ్లేవి. ఒక్కటి కూడా చంద్రుణ్ణి కొరికేది కాదు.

#8 మినుకుతార

2027 జూలై 18, ఆగస్టు 2, ఆగస్టు 17 చూశారా? ఒకే గ్రహణ కాలంలో మూడు. మొదటి పౌర్ణమి కాలం మొదట్లో అంచున పడింది, అమావాస్య నడిమధ్యలో, రెండో పౌర్ణమి చివరి అంచున. మధ్యలో పడినది చక్కగా వరుసలో ఉంటుంది కాబట్టి ఆగస్టు 2ది భారీ సంపూర్ణ గ్రహణం. అంచుల్లో పడినవి తేలిపోయాయి.

ఏడాదికి తక్కువలో తక్కువ నాలుగు, ఎక్కువలో ఎక్కువ ఏడు. 1982లో ఏడు వచ్చాయి, నాలుగు సూర్యగ్రహణాలు, మూడు చంద్రగ్రహణాలు. మళ్లీ 2038లో ఏడు. సూర్యగ్రహణాలే ఐదు వచ్చిన ఏడాది 1935. మళ్లీ అలా 2206లో గానీ రాదు.

#9 వాదప్రియుడు

ఏడు, ఏడు అంటున్నారు. 2038 పట్టిక తీసి చూశాను. చంద్రగ్రహణాలు నాలుగూ ఉపచ్ఛాయవే! కంటికి కనబడని వాటిని కూడా లెక్కలో వేసి రికార్డు అంటే ఎలా? పంచాంగాల్లో ఉపచ్ఛాయ గ్రహణాన్ని గ్రహణంగా పరిగణించరు. నేనూ పరిగణించను. నా లెక్కలో 2038లో మూడే గ్రహణాలు.

#10 గగనవిహారి

పూర్తిగా కనబడవని కాదు. భూమి నీడకి రెండు భాగాలు. లోపల ప్రచ్ఛాయ, అక్కడి నుంచి చూస్తే సూర్యుడు పూర్తిగా భూమి వెనక దాక్కుంటాడు. దాని చుట్టూ ఉపచ్ఛాయ, అక్కడి నుంచి సూర్యుడిలో కొంత భాగం కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఉపచ్ఛాయలో ఉన్న చంద్రుడి మీద వెలుగు కొంత తగ్గుతుంది గానీ ఆగదు. ప్రచ్ఛాయ అంచుకి బాగా దగ్గరగా వెళ్తే ఒక పక్క పొగ పట్టినట్టు మసకగా ఉంటుంది, తెలిసి చూసేవాళ్లకి తెలుస్తుంది. పైపైన తాకి వెళ్లేవి మాత్రం ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే గానీ దొరకవు. 2020లో వచ్చిన నాలుగు చంద్రగ్రహణాలూ ఇలాంటివే. చాలామంది ఆ రాత్రుల్లో బయటికొచ్చి "ఏదీ గ్రహణం?" అని తిట్టుకుని లోపలికి వెళ్లారు.

లెక్కలో వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఖగోళ పట్టికలు మాత్రం వేస్తాయి.

#11 కెమెరాకన్ను

నాకు ఎప్పుడూ ఆశ్చర్యమనిపించేది సంపూర్ణానికీ వలయాకారానికీ ఉన్న తేడా. సూర్యుడు చంద్రుడికంటే దాదాపు 400 రెట్లు పెద్ద, దాదాపు 400 రెట్లు దూరం. అందుకే రెండు బింబాలూ ఒకే సైజులో కనిపిస్తాయి. ఇది కాకతాళీయం, దీని వెనక నియమం ఏమీ లేదు. అయితే ఆ సరిపోవడం కూడా బొటాబొటీగానే. చంద్రుడి దూరం 3,56,000 నుంచి 4,06,000 కి.మీ. దాకా మారుతుంటుంది. దగ్గరున్నప్పుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేస్తాడు. దూరంగా ఉన్నప్పుడు చాలడు, చుట్టూ వెలుగు ఉంగరం మిగులుతుంది. నీడ లెక్కలో చెప్పాలంటే చంద్రుడి ప్రచ్ఛాయ మొన నేలని తాకకుండా పైనే ఆగిపోతుంది.

ఈ శతాబ్దంలోని 224 సూర్యగ్రహణాల్లో 68 సంపూర్ణం, 72 వలయాకారం, 77 పాక్షికం. మిగిలిన 7 మిశ్రమం, అంటే దారిలో కొంత దూరం వలయాకారం, కొంత దూరం సంపూర్ణం. భూమి గుండ్రం కాబట్టి దారి మధ్యలో ఉన్న నేల చంద్రుడికి కాస్త దగ్గర, అక్కడ నీడ మొన తాకుతుంది, అంచుల్లో అందదు. 2023 ఏప్రిల్ 20న వచ్చింది ఇలాంటిదే.

#12 ప్రశ్నలపుట్ట

కెమెరాకన్ను గారూ, మరి వ్యవధి? 2009 జూలై 22ది 6 నిమిషాల 39 సెకన్లు అని చదివాను. 2026 ఆగస్టు 12ది 2 నిమిషాల 18 సెకన్లే. ఇంత తేడానా?

#13 కెమెరాకన్ను

చంద్రుడు ఎంత దగ్గరున్నాడు అన్నది ఒకటి. సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడు అన్నది రెండోది, దీన్ని చాలామంది మర్చిపోతారు. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి అతి దగ్గరగా, జూలై మొదట్లో అతి దూరంగా ఉంటుంది. జూలైలో సూర్యబింబం చిన్నది కాబట్టి దాన్ని ఎక్కువసేపు కప్పి ఉంచొచ్చు. జనవరిలో పెద్దది, వలయాకారానికి అనుకూలం. అందుకే చూడండి: 2009 జూలై 22న ఈ శతాబ్దంలోకెల్లా పొడవైన సంపూర్ణ గ్రహణం. ఆరు నెలలు తిరక్కుండానే 2010 జనవరి 15న 11 నిమిషాల 8 సెకన్ల వలయాకార గ్రహణం, ఈ సహస్రాబ్దిలోనే అంత పొడవైనది ఇంకోటి లేదు.

మూడోది నేల తిరుగుడు. నీడ పడమర నుంచి తూర్పుకి పరిగెడుతుంది, భూమి కూడా అటే తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర నేల వేగం గంటకి 1,670 కి.మీ. కాబట్టి అక్కడున్నవాళ్లు నీడతో పాటు కొంత పరిగెత్తినట్టే, నీడ ఆలస్యంగా దాటుతుంది. 2026 ఆగస్టు 12 దారి గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్పెయిన్. పైన ఉత్తరాన నేల వేగం తక్కువ, ఆ సాయం అందదు. ఎంత అన్నీ కలిసొచ్చినా ఏడున్నర నిమిషాలు దాటదు. 2186 జూలై 16న 7 నిమిషాల 29 సెకన్లు రావాలి. మనం ఉండం అనుకోండి.

#14 మినుకుతార

పడమర నుంచి తూర్పు అన్నారు, దాని మీద చిన్న సందేహం. సూర్యచంద్రులు తూర్పున ఉదయించి పడమరకి వెళ్తారు కదా. నీడ ఎదురు దిశలో ఎందుకు?

#15 లెక్కలమాస్టారు

తూర్పు నుంచి పడమరకి వెళ్లినట్టు కనిపించేది భూమి తిరగడం వల్ల. చంద్రుడి అసలు నడక పడమర నుంచి తూర్పుకే. ఇవాళ ఒక నక్షత్రం పక్కనున్న చంద్రుడు రేపటికి దానికి తూర్పున ఉంటాడు. ఆ నడకతోనే నీడ గంటకి 3,400 కి.మీ. దరిదాపు వేగంతో తూర్పుకి వస్తుంది. భూమి తిరుగుడు తీసేస్తే భూమధ్యరేఖ దగ్గర నేల మీద గంటకి 1,700 కి.మీ. మిగులుతుంది.

దీంతో ఇంకోటి తేలుతుంది. చంద్రుడు తూర్పుకి జరుగుతూ సూర్యుడి మీదికి వస్తాడు కాబట్టి సూర్యగ్రహణం సూర్యుడి పడమటి అంచున మొదలవుతుంది. చంద్రగ్రహణంలో చంద్రుడే నీడలోకి వెళ్తాడు, కాబట్టి ముందు మసకబారేది అతని తూర్పు అంచు. రెండూ ఎప్పుడూ తారుమారు కావు.

#16 నిర్వాహకుడు

చర్చ బాగుంది, కానివ్వండి. ఒక్క మాట చెప్పి వెళ్తాను. సూర్యగ్రహణం చూడాలంటే ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న కళ్లద్దాలు వాడండి. చలువ అద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజుపలక పనికిరావు. కంటికి నొప్పి తెలియకుండానే రెటీనా కాలిపోతుంది. అట్టకి చిన్న చిల్లు పెట్టి బింబాన్ని నేల మీద పడేలా చూడడం అన్నిటికన్నా తేలిక. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కొద్ది నిమిషాలు మాత్రమే ఉత్త కళ్లతో చూడొచ్చు. వలయాకార గ్రహణంలో అలాంటి క్షణం ఒక్కటి కూడా ఉండదు. చంద్రగ్రహణానికి ఏ జాగ్రత్తా అక్కర్లేదు.

#17 ప్రశ్నలపుట్ట

ధన్యవాదాలండీ. చంద్రగ్రహణం వైపు వస్తే, నీడలోకి పూర్తిగా వెళ్లిన చంద్రుడు నల్లగా మాయమైపోవాలి కదా. ఎర్రగా ఎందుకుంటాడు? ఒక్కోసారి ఇటుక రంగు, ఒక్కోసారి ముదురు గోధుమ. ఎందుకు మారుతుంది?

#18 గగనవిహారి

భూమికి వాతావరణం ఉండబట్టి. సూర్యకిరణాలు భూమి అంచున ఉన్న గాలి పొర గుండా వెళ్తూ లోపలికి వంగి ప్రచ్ఛాయలో పడతాయి. అంత మందమైన గాలిలో నీలం చెదిరిపోతుంది, ఎరుపు దాటుతుంది. ఆ సమయంలో చంద్రుడి మీద నిలబడి భూమిని చూడగలిగితే నల్లటి వృత్తం చుట్టూ ఎర్రటి అంచు కనిపిస్తుంది, భూమ్మీద ఆ క్షణాన జరుగుతున్న సూర్యోదయాలు, సూర్యాస్తమయాలు అన్నీ కలిపి.

రంగు మారేది గాలి శుభ్రతని బట్టి. 1991 జూన్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలి స్ట్రాటోస్ఫియర్ అనే పై గాలి పొర నిండా పొగమంచులాంటి కణాలు నింపింది. దాని ప్రభావంతో 1992 డిసెంబర్ చంద్రగ్రహణంలో చంద్రుడు దాదాపు కనబడనంతగా నల్లబడ్డాడు. ఈ వెలుగుని కొలవడానికి డాంజాన్ స్కేలు ఉంది, 0 నుంచి 4 వరకు. 0 అంటే బొగ్గు నలుపు, 4 అంటే మెరిసే రాగి రంగు. పరికరం ఏదీ అక్కర్లేదు, కంటితో చూసి అంకె వేయడమే. ఇద్దరు పక్కపక్కన నిలబడి చూసి వేర్వేరు అంకెలు వేస్తారనుకోండి, అది వేరే సంగతి.

వ్యవధి కూడా చెప్పేస్తాను. చంద్రుడున్న దూరంలో ప్రచ్ఛాయ వెడల్పు సుమారు 9,000 కి.మీ., చంద్రుడి వ్యాసం 3,474 కి.మీ. కాబట్టి నడిమధ్యగా వెళ్తే చాలాసేపు లోపలే ఉంటాడు. 2018 జూలై 27న సంపూర్ణ దశే 103 నిమిషాలు నడిచింది. 2026 మార్చి 3న కాస్త పక్కగా వెళ్లాడు, 58 నిమిషాలే.

#19 తిథివారం

పంచాంగంలో ఇచ్చే సమయాలు వీటికి సరిగ్గా సరిపోతాయి. ప్రచ్ఛాయని తాకడం స్పర్శ, పూర్తిగా మునగడం నిమీలనం, నడిమధ్య, తిరిగి వెలుగు మొదలవడం ఉన్మీలనం, నీడని వదలడం మోక్షం. గగనవిహారి గారు చెప్పిన 103 నిమిషాలు నిమీలనం నుంచి ఉన్మీలనం దాకా. స్పర్శ నుంచి మోక్షం దాకా అయితే ఆ రోజు దాదాపు నాలుగు గంటలు.

#20 వాదప్రియుడు

అన్నీ బాగానే చెప్తున్నారు గానీ, 2186లో ఫలానా రోజున ఇన్ని సెకన్లు అని ఇప్పుడే ఎలా తెలుస్తుంది? గట్టిగా వారం ముందు వాన కబురే సరిగ్గా చెప్పలేకపోతున్నారు.

#21 లెక్కలమాస్టారు

వానకి కోటి కారణాలు. ఇక్కడ మూడు గోళాలు, వాటి ఆకర్షణ, అంతే. పైగా దీనికి సమీకరణాలు లేని కాలంలో కూడా ముందుగా చెప్పే పద్ధతి ఉంది. బాబిలోనియా వాళ్లు శతాబ్దాల రికార్డులు పెట్టుకుని ఒక ఆవృత్తి పట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని సారోస్ అంటున్నాం.

చంద్రుడికి మూడు రకాల నెలలు. అమావాస్య నుంచి అమావాస్యకి ఒకటి. పాతబిందువు నుంచి మళ్లీ అదే బిందువుకి ఒకటి. భూమికి దగ్గరి స్థానం నుంచి మళ్లీ దగ్గరి స్థానానికి ఒకటి. మొదటి రకం 223, రెండో రకం 242, మూడో రకం 239, మూడూ దాదాపు ఒకే నిడివి! 6,585 రోజుల 8 గంటలు, అంటే 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలు. కాబట్టి ఒక గ్రహణం జరిగాక ఇంతకాలానికి అదే బిందువు దగ్గర, అదే దూరంలో ఉన్న చంద్రుడితో దాదాపు అలాంటి గ్రహణమే మళ్లీ వస్తుంది. ఏడాదిలో వేళ కూడా 11 రోజులే మారింది కాబట్టి సూర్యుడి దూరం కూడా ఇంచుమించు అదే.

ఒక వరుస ఇస్తాను, మీరే చూడండి. 1919 మే 29, 1937 జూన్ 8, 1955 జూన్ 20, 1973 జూన్ 30, 1991 జూలై 11, 2009 జూలై 22, 2027 ఆగస్టు 2. ఇది 136వ సారోస్. అన్నీ పొడవాటి సంపూర్ణ గ్రహణాలే. ఇందాక ప్రశ్నలపుట్ట గారు అడిగిన 2009ది, మినుకుతార గారు చెప్పిన 2027ది ఒకే కుటుంబం.

చివరనున్న ఆ 8 గంటల సంగతే అసలు తమాషా. 8 గంటల్లో భూమి మూడోవంతు తిరిగిపోతుంది. అందువల్ల తర్వాతి గ్రహణం 120 డిగ్రీలు పడమరకి జరిగి ఇంకో ఖండంలో పడుతుంది. 1955లో శ్రీలంక, ఫిలిప్పీన్స్. 1973లో ఆఫ్రికా. 1991లో హవాయి, మెక్సికో. 2009లో తిరిగి ఆసియా, భారత్, చైనా. మూడు సారోస్‌లు కలిస్తే 8 గంటలు మూడుసార్లు, ఒక రోజు పూర్తవుతుంది, కాబట్టి 54 ఏళ్ల 34 రోజులకి తిరిగి అదే వైపు వస్తుంది. 1919 ఆఫ్రికా, 1973 ఆఫ్రికా, 2027 ఆఫ్రికా. కాకపోతే వచ్చిన ప్రతిసారీ కాస్త ఉత్తరానికి జరుగుతుంది. 2027కి ఈజిప్టులోని లక్సర్ దగ్గరికి చేరింది, అక్కడ 6 నిమిషాలు దాటుతుంది. ఇలా జరిగి జరిగి ధ్రువం దగ్గర నేల వదిలేయడంతో కుటుంబం అంతరిస్తుంది. ఈ వరుస 1360లో మొదలైంది, 2622లో ముగుస్తుంది, మొత్తం 71 గ్రహణాలు.

#22 కెమెరాకన్ను

ఈ కుటుంబానికి పేరు ప్రతిష్ఠలు కూడా ఉన్నాయి. 1919ది బ్రిటిష్ ఖగోళవేత్త ఎడింగ్టన్ బృందం ప్రిన్సిపే దీవిలో, మరో బృందం బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లో ఫొటోలు తీసిన గ్రహణం. సూర్యుడి పక్కనున్న నక్షత్రాల కాంతి వంగిందని చూపి ఐన్‌స్టైన్ సిద్ధాంతానికి బలమిచ్చింది అదే. 1973లో శాస్త్రవేత్తలు ధ్వనికన్నా వేగంగా ఎగిరే కాంకర్డ్ విమానం ఎక్కి నీడ వెంట ఎగిరి 74 నిమిషాలు సంపూర్ణ దశలోనే గడిపారు. నేల మీదున్నవాళ్లకి మహా అయితే ఏడు నిమిషాలు. ఆ విమానం కిటికీ సీటు ఒక్కటి దొరికితే నా లెన్సులన్నీ రాసిచ్చేవాణ్ణి.

#23 తిథివారం

పేరున్న గ్రహణాల మాట వస్తే 1868 ఆగస్టు 18ది చెప్పకుండా ఉండలేను. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో ఉండి వర్ణపటదర్శినితో, అంటే వెలుగుని రంగులుగా విడదీసి చూపే పరికరంతో, చూశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటంలో పసుపుపచ్చ గీత ఒకటి కనిపించింది, సోడియం గీతకి దగ్గరగా ఉంది గానీ దానితో కలవలేదు. తర్వాత అది కొత్త మూలకమని తేలి హీలియం అయింది. భూమ్మీద హీలియం చేతికి దొరికింది 1895లో, రామ్సే ప్రయోగశాలలో. జాన్సెన్ ఇంకో పని చేశాడు. గీతలు అంత కాంతిగా ఉంటే గ్రహణం లేకుండా కూడా కనబడాలి కదా అని మర్నాడు మామూలు ఎండలోనే ఆ జ్వాలల్ని పట్టుకున్నాడు.

#24 వాదప్రియుడు

మాస్టారూ, మీ వరుస పక్కాగా ఉంది. అయినా నా ప్రశ్న పూర్తి కాలేదు. గ్రహణం రోజు తెలియడం ఒకటి, నీడ ఏ ఊరి మీద పడుతుందో తెలియడం ఇంకోటి. భూమి తిరుగుడు ఎప్పుడూ ఒకేలా ఉంటుందని గ్యారంటీ ఏమిటి?

#25 లెక్కలమాస్టారు

గ్యారంటీ లేదు, ఉండదు కూడా. సముద్రపు ఆటుపోట్ల వల్ల భూమి తిరుగుడు నెమ్మదిస్తోంది, చంద్రుడు ఏటా 3.8 సెం.మీ. దూరం జరుగుతున్నాడు. తిరుగుడు ఎంత నెమ్మదించిందో పాత గ్రహణాల వల్ల తెలుస్తుంది. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం చూసినట్టు మట్టి పలకల మీద రాసి ఉంది. ఇవాళ్టి రోజు నిడివే ఎప్పుడూ ఉందనుకుని వెనక్కి లెక్కిస్తే ఆ నీడ బాబిలోన్‌కి 48 డిగ్రీలు పడమరగా పడాలి. కానీ అక్కడివాళ్లు చూశామని రాశారు. లెక్కకీ పలకకీ ఉన్న ఆ తేడాయే రెండు వేల ఏళ్లలో భూమి పోగుచేసుకున్న ఆలస్యం.

అందుకని మీ సందేహం సరైనదే. 2186లో గ్రహణం వస్తుంది, రోజు మారదు, చంద్రుడి దారీ మారదు. ఆ క్షణాన ఏ రేఖాంశం నీడ కిందికి తిరిగి ఉంటుందన్న దాంట్లో కొంచెం అటూ ఇటూ ఉంటుంది. వెయ్యేళ్ల తర్వాతి గ్రహణాలకి అది ఇంకా పెరుగుతుంది. చంద్రుడు దూరం జరుగుతూ పోతే సుమారు 60 కోట్ల ఏళ్లకి సూర్యుణ్ణి పూర్తిగా కప్పే సైజు పోతుంది, తర్వాత అన్నీ వలయాకారాలే.

#26 ప్రశ్నలపుట్ట

చాలా సంగతులు తెలిశాయి. చివరిగా ఒకటి. సారోస్ అంటే 18 ఏళ్లు ఆగాలి. నా దగ్గర ఒక్క గ్రహణం తేదీ ఉంటే, దాని తర్వాతది ఎప్పుడో చేత్తో లెక్కేసుకునే దారి ఉందా? వెబ్‌సైట్ చూడకుండా?

#27 లెక్కలమాస్టారు

ఉంది. 177 రోజులు కలపండి, అంటే ఆరు చాంద్రమాసాలు. ఇంకో గ్రహణ కాలం 173 రోజులకి వస్తుందని చెప్పాను కదా, నాలుగు రోజులే తేడా కాబట్టి చాలాసార్లు సరిపోతుంది. 2026 ఫిబ్రవరి 17 నుంచి మొదలుపెట్టి ఆగస్టు 12, 2027 ఫిబ్రవరి 6, ఆగస్టు 2, 2028 జనవరి 26, జూలై 22... ఒక రోజు అటో ఇటో, అన్నీ సూర్యగ్రహణాలే. ఆ నాలుగు రోజుల తేడా పేరుకుని పేరుకుని ఒక చోట గొలుసు తెగుతుంది. అప్పుడు ఆరుకి బదులు ఐదు నెలలు కలపాలి.

#28 వాదప్రియుడు

వేసి చూశాను. 2029 జనవరి 14 పాక్షికం, జూలై 11 పాక్షికం. దాని తర్వాత 2030 జనవరిలో పట్టికలో ఏమీ లేదు. అక్కడ తెగింది. కానీ 2029 జూన్ 12న మధ్యలో ఇంకో పాక్షికం ఉంది. ఇదెక్కడి నుంచి వచ్చింది?

#29 లెక్కలమాస్టారు

అదే కొత్త గొలుసు. జనవరి 14కి ఐదు నెలలు కలిపితే జూన్ 12. పాత గొలుసు గ్రహణ కాలం చివరి అంచుకి జారిపోయేసరికి కొత్తది మొదటి అంచున లోపలికొచ్చింది. రెండూ ఒకే గ్రహణ కాలంలో, నెల తేడాతో, రెండూ అంచునే కాబట్టి రెండూ పాక్షికాలే. ఇక్కడి నుంచి జూన్ 12ని పట్టుకుని వెళ్లండి. 2029 డిసెంబర్ 5, 2030 జూన్ 1, నవంబర్ 25.

#30 మినుకుతార

చంద్రగ్రహణాలకి కూడా పనిచేస్తోంది. 2028 జనవరి 12, జూలై 6, డిసెంబర్ 31, 2029 జూన్ 26, డిసెంబర్ 20. మొదటి రెండూ పాక్షికం, మిగతా మూడూ సంపూర్ణం. 2028 డిసెంబర్ 31 అంటే ఆసియా, ఆస్ట్రేలియా వైపు వాళ్లకి కొత్త సంవత్సరం రాత్రే ఎర్ర చంద్రుడు.

#31 కెమెరాకన్ను

తేదీ రాసి పెట్టుకున్నాను. ఆ రాత్రి బాణసంచా పొగ లేని చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.